డబుల్ బేస్ ధర: లక్షకీ కోటికీ మధ్య తేడా ఎక్కడ వస్తుంది?

"అన్నా, మంచి డబుల్ బేస్ ఎంతలో వస్తుంది?" వయొలిన్ జాతిలో అన్నిటికంటే పెద్దదీ, నిలబెట్టి వాయించేదీ అయిన ఈ వాయిద్యం గురించి జాజ్ మీద మోజు పడ్డ ఇంజినీరింగ్ కుర్రాళ్లూ అడుగుతారు, సికింద్రాబాద్ చర్చిల్లో ఏళ్ల తరబడి వాయిస్తున్న పెద్దవాళ్లూ అడుగుతారు, సెషన్లకు బేస్ గిటార్ పట్టుకెళ్లి "అప్‌రైట్ (డబుల్ బేస్) ఉందా?" అనిపించుకుని వచ్చినవాళ్లూ అడుగుతారు. దీనికి ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్లకు అన్యాయం చేసినట్టే. దూరం నుంచి చూస్తే ఒకేలా ఉన్న రెండు బేస్‌లలో ఒకటి లక్షకి దొరుకుతుంది, రెండోది పాతిక లక్షలు పెట్టినా రాదు. ఆ తేడాలో మోసం కొంత ఉండొచ్చు, కానీ ఎక్కువ భాగం నిజమైన తేడాయే, అది ఎక్కడెక్కడ పుడుతుందో తెలిస్తే మన డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. నా మాట ముందే చెప్పేస్తాను: హైదరాబాద్‌లో ఉండి మొదటి బేస్ కొనేవాళ్లు చవకలో దొరికే "ఫుల్లీ కార్వ్డ్" (మొత్తం అసలు చెక్కని చెక్కి చేసిన) బేస్ జోలికి వెళ్లొద్దు. అదే డబ్బుకి మంచి ప్లైవుడ్ బేస్ తీసుకుని, మిగిలింది సెటప్ (వాయించడానికి అనువుగా సరిచేయించడం) మీదా తీగల మీదా పెట్టండి.

ముందు మార్కెట్ రేట్లు. అమెరికాలో కొత్త ప్లైవుడ్ బేస్, అంటే వాయించదగ్గది, సుమారు 2,000 నుంచి 3,000 డాలర్లు. డాలర్‌ని 90 రూపాయలుగా వేసుకుంటే 1.8 నుంచి 2.7 లక్షలు. పైపలక మాత్రం అసలు చెక్క, వెనకా పక్కలూ ప్లైవుడ్ ఉండే హైబ్రిడ్ అయితే మూడు నుంచి నాలుగు లక్షలు. మొత్తం చెక్కి చేసిన వర్క్‌షాప్ బేస్, ముఖ్యంగా షెన్, ఈస్ట్‌మన్ లాంటి పేరున్న చైనా తయారీ, దాదాపు 5,000 నుంచి 10,000 డాలర్లు. ఒకే మేస్త్రి మొదటి నుంచి చివరిదాకా తన చేతులతో చేసిన కొత్త బేస్‌కి 20,000 డాలర్లూ ఆ పైనా పెట్టాలి, పేరున్న చేతిదైతే 40,000 దాటినా ఆశ్చర్యం లేదు. పాత ఇటాలియన్ వాయిద్యాలు లక్ష డాలర్ల నుంచి మొదలవుతాయి. ఇవన్నీ అక్కడి ధరలు. మన ఇంటి గుమ్మం దాకా వచ్చేసరికి ఇంకో లెక్క ఉంది, దాని సంగతి తర్వాత.

ప్లైవుడ్ అనగానే మొహం చిట్లించేవాళ్లు చాలామంది. కానీ చికాగోలో కే కంపెనీ 1937 నుంచి ఇలాంటి బేస్‌లే చేసి అమ్మింది. అమెరికాలో స్కూళ్లూ డ్యాన్స్ బ్యాండ్లూ బ్లూగ్రాస్ గుంపులూ దశాబ్దాల పాటు వాటి మీదే వాయించాయి, ఇప్పటికీ ఆ పాత కే బేస్‌ల కోసం వెతికి మరీ కొంటున్నారు. పలచని పొరల్ని అడ్డంగా నిలువుగా అతికించి, అచ్చులో పెట్టి వంచుతారు. చేసే పని తక్కువ, చెక్క వృథా తక్కువ, పలక పగిలే భయం తక్కువ. ధర తక్కువగా ఉండటానికి కారణం అదే.

చెక్కే బేస్ సంగతి పూర్తిగా వేరు. పైపలకకి స్ప్రూస్, వెనకపలకకీ పక్కలకీ ఎక్కువగా మేపుల్ వాడతారు. స్ప్రూస్ మొద్దుని నిలువునా చీల్చి, రెండు ముక్కల్ని పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికి, గోరు ఉలితో మొదలుపెట్టి చిన్న చిత్రికలతో బయటి వంపు తీస్తారు, తర్వాత తిరగేసి లోపల తొలుస్తారు. మధ్యలో దాదాపు 8-10 మిల్లీమీటర్ల మందం, అంచులకొచ్చేసరికి 5-6. ఆ మందం ఎక్కడ ఎంత తగ్గించాలో ఆ చెక్క ముక్కే చెబుతుంది, మేస్త్రి దాన్ని వంచి చూస్తూ, వేలితో తట్టి వింటూ తగ్గించుకుంటూ పోతాడు. పలక పొడవు మూడున్నర అడుగులకు పైనే. అంత వెడల్పు పలకలు ఇవ్వగల చెట్టు లావుగా, ముడులు లేకుండా పెరిగి ఉండాలి, కోశాక ఏళ్ల తరబడి ఆరాలి. ఆ ఆరబెట్టిన కాలమంతా ఎవరో పెట్టుబడి పెట్టి కూర్చోవాలి. ఒకే పనసమాను తొలిచి చేసిన ఏకాండి వీణకీ, ముక్కలు అతికి చేసిన వీణకీ బొబ్బిలిలో ధర ఎందుకు వేరో తెలిసినవాళ్లకి ఇదంతా వివరించాల్సిన పని లేదు.

మరి అంత శ్రమకి వినిపించే ఫలితం ఏమిటి? బేస్‌లో అన్నిటికంటే కింది శ్రుతి తీగ, అంటే 'ఈ' (E) తీగ, 41 హెర్ట్జ్‌కి శ్రుతి అవుతుంది. ఆ స్వరం గాలిలో ఒక అల పూర్తి చేయడానికి ఎనిమిది మీటర్లకు పైగా పొడవు తీసుకుంటుంది, మన బేస్ పెట్టె పొడవేమో మీటరుకి కాస్త ఎక్కువ. అంత చిన్న పెట్టె ఆ మూల స్వరాన్ని గట్టిగా బయటికి నెట్టలేదు. మనకు "లోతుగా" వినిపించేదాంట్లో ఎక్కువ పాలు దాని మీద పుట్టే 82, 123 హెర్ట్జ్ వంటి హార్మోనిక్స్‌దే, వాటి నుంచి మూల స్వరాన్ని చెవే పూరించుకుంటుంది. కాబట్టి ఏ హార్మోనిక్ ఎంత పలుకుతుందన్నదే బేస్ గొంతుని తేలుస్తుంది, దాన్ని తేల్చేది పైపలక మందం, వంపు, పైపలక లోపల నిలువునా అతికిన బేస్‌బార్ అనే కర్ర. మంచి చేతిలో చెక్కిన పలక కమానుతో మెల్లగా వాయించినా వెంటనే పలుకుతుంది, హాల్ చివరిదాకా వెళుతుంది. ప్లైవుడ్‌కి ఆ చురుకు ఉండదు. కమానుతో వాయించే వెస్టర్న్ క్లాసికల్‌కి ఇది పెద్ద తేడా. వేళ్లతో మీటి, పికప్ పెట్టి ఆంప్‌లోకి పంపే జాజ్ వాయింపులో అంత పెద్దది కాదు.

ఇక్కడే చవక కార్వ్డ్ బేస్‌ల చిక్కు మొదలవుతుంది. రెండు లక్షల లోపు ధరలో మొత్తం చెక్కిన బేస్ అంటే ఎక్కడో ఏదో మిగిల్చుకుని ఉండాలి కదా. మొదట మిగిల్చేది ఆరబెట్టే కాలం. తర్వాత చెక్కే గంటలు: పలకని మందంగా వదిలేస్తారు, పగలదు కానీ పలకదు. కొన్నిట్లో అసలు చెక్కరు, పలచని చెక్కని వేడి పెట్టి అచ్చులో నొక్కేసి "సాలిడ్ టాప్" అని రాస్తారు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది జిగురు. ఈ జాతి వాయిద్యాలకు తోలు నుంచి కాచి తీసిన జిగురు వాడటం వందల ఏళ్ల ఆచారం, ఆ జిగురు చెక్క కంటే ముందే లొంగుతుంది. చెక్క కుంచించుకుపోతే అతుకు విడిపోతుంది తప్ప పలక పగలదు. విడిపోయిన అతుకుని మళ్లీ అతికించడం చిన్న పని. చవకదాంట్లో గట్టి ఫ్యాక్టరీ జిగురు పూసేస్తారు, అతుకు వదలదు, దాంతో పలకే చీలుతుంది.

హైదరాబాద్ వాతావరణం ఈ లోపాన్ని దాచనివ్వదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం లోపుకి పడిపోతుంది, ఆగస్టులో ఉదయాలు 80 దాటుతుంది. ఇంత పెద్ద పలక ఆ రెండిటి మధ్య ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. సైనిక్‌పురిలో ఉండే నా మిత్రుడొకరి కొత్త కార్వ్డ్ బేస్ మొదటి వేసవిలోనే పగిలింది. ఏసీ గదిలో మూల నిలబెట్టి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు, మధ్యాహ్నం టప్పుమని చప్పుడు. వెళ్లి చూస్తే పైపలక మీద f అక్షరం ఆకారంలో ఉండే రెండు రంధ్రాల్లో కుడివైపు ఎఫ్ రంధ్రం కింది కొన నుంచి అంచుదాకా చెక్క చార వెంట సన్నటి గీత, లోపలి నుంచి టార్చ్ వేస్తే గీత పొడవునా వెలుతురు బయటికొస్తోంది. పక్క అతుకుల్లో ఒక్కటీ కదల్లేదు. ఆ అతుకు వదిలి ఉంటే పలక నిలిచేది. అదే గదిలో ఉన్న పాత ప్లైవుడ్ బేస్‌కి ఏమీ కాలేదు. పొరలు అడ్డంగా నిలువుగా ఉండటం వల్ల ఒకదాన్ని ఒకటి పట్టి ఉంచుతాయి. కార్వ్డ్ కొన్నవాళ్లు కొన్ని వందలకు దొరికే తేమ మీటర్ గదిలో పెట్టుకుని 40-60 శాతం మధ్య ఉంచుకోవాలి. ఏసీ గాలి గానీ కూలర్ గాలి గానీ నేరుగా వాయిద్యం మీదికి కొట్టకూడదు.

ఏది ప్లైవుడ్, ఏది అసలు చెక్క అన్నది అమ్మేవాడి మాట మీద వదిలేయకండి. ఎఫ్ రంధ్రం అంచుని దగ్గర నుంచి చూడండి, పొరల గీతలు కనిపిస్తే ప్లైవుడ్. అంచుకి నల్లరంగు పూసి ఉంటే ఫోన్ కెమెరా లోపలికి పెట్టి, బయట కనిపించే చారలు లోపల కూడా అదే చోట ఉన్నాయో లేదో పోల్చండి. బయట అందమైన చారలుండి లోపల వేరే చెక్క కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే.

ఇప్పుడు ధర చీటీ మీద కనిపించని పెద్ద ఖర్చు, సెటప్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బేస్ చాలాసార్లు సగం పూర్తయిన వాయిద్యమే. తీగల్ని మోసే బ్రిడ్జి మందంగా, ఎత్తుగా, కాళ్లు పలక వంపుకి సరిపడకుండా ఉంటుంది. తీగల్ని వేళ్లతో నొక్కే ఫింగర్‌బోర్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్నిట్లో అది ఎబొనీ అనే గట్టి నల్ల చెక్క కూడా కాదు, నల్లరంగు వేసిన మామూలు కర్ర. ఫింగర్‌బోర్డు చివర 'జీ' (G) తీగ కింద 5-6 మిల్లీమీటర్లు, 'ఈ' (E) తీగ కింద 8-9 ఖాళీ ఉంటే చేతికి హాయి. ఫ్యాక్టరీ నుంచి 12, 14 ఉండి వస్తే, నేర్చుకునే కుర్రాడు నెల తిరక్కుండా మణికట్టు నొప్పితో మానేస్తాడు, తప్పంతా తన చేతిదే అనుకుంటాడు. సెటప్ అంటే బ్రిడ్జిని కోసి, దాని కాళ్లలో ఎత్తు తిప్పుకునే చక్రాలు బిగించి, ఫింగర్‌బోర్డుకి చిత్రిక పట్టి, లోపల పైపలకకీ వెనకపలకకీ మధ్య నిలిచే చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్‌ని, సరిగ్గా కోసి నిలబెట్టడం. అమెరికాలో దీనికి 500 నుంచి 1,000 డాలర్లు తీసుకుంటారు, అందుకే అక్కడ మంచి షాపులో దొరికే బేస్ ధర అదే మోడల్ ఆన్‌లైన్ ధర కంటే ఎక్కువ. ఆ ఎక్కువ ఊరికే పోదు. మన దగ్గర గిటార్, వయొలిన్ బాగుచేసేవాళ్లు దొరుకుతారు గానీ బేస్ సౌండ్‌పోస్ట్ నిలబెట్టి అలవాటున్న చేయి అరుదు. కాబట్టి సెటప్ చేసి పంపే షాపు నుంచి కొనడం హైదరాబాద్ వాళ్లకు ఇంకా ముఖ్యం. ఎత్తు తిప్పుకునే చక్రాలు తప్పనిసరి, వానాకాలంలో పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, వేసవిలో దిగిపోతాయి, చక్రాలుంటే మీరే సరిచేసుకోవచ్చు.

పెట్టె విప్పిన రోజు ఒక జాగ్రత్త. తీగలు బిగించే ముందు ఎఫ్ రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి, బ్రిడ్జి కుడి కాలు వెనకాల సౌండ్‌పోస్ట్ నిలబడే ఉందో లేదో చూడండి. ప్రయాణంలో పడిపోయి ఉండొచ్చు. నాలుగు తీగలూ కలిసి సుమారు 120 కిలోల బలంతో లాగుతాయి. కింద ఆ చిన్న కర్ర లేకుండా బిగిస్తే పలక కుంగుతుంది.

తీగలు ఒక సెట్ థొమాస్టిక్ స్పిరోకోర్, పిరాస్ట్రో వంటివి 200 నుంచి 400 డాలర్ల మధ్య, అంటే ఇక్కడికొచ్చేసరికి ఒక మోస్తరు బేస్ గిటార్ ధర. అయినా పెట్టండి, రెండు లక్షల ప్లైవుడ్ బేస్ గొంతు మార్చే శక్తి వీటికి ఉంది, స్టీలు తీగలు ఏళ్లపాటు నిలుస్తాయి కూడా. కమాను దగ్గర ధరలు మళ్లీ విడిపోతాయి. మేలైన కమాన్లు బ్రెజిల్‌లో పెరిగే పెర్నాంబుకో చెక్కతో చేస్తారు, అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటీస్ ఆ చెట్టుని 2007లో నియంత్రణ జాబితాలో చేర్చింది, అప్పటి నుంచి ఆ చెక్క దొరకడం కష్టమైంది. నేర్చుకునేవాళ్లకు కార్బన్ ఫైబర్ కమాను చాలు. కమానుకి రుద్దే బేస్ రోజిన్ వయొలిన్‌దాని కంటే మెత్తన, మే నెలలో కారులో వదిలేస్తే కరిగి సంచంతా అంటుకుంటుంది.

రవాణా లెక్క చూస్తే చాలామందికి గుండె ఆగినంత పనవుతుంది. బేస్ బరువు పది కిలోల చిల్లరే, పెట్టెతో కలిపి 40-50 కిలోలు అనుకుందాం. కానీ విమాన కార్గో వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఆక్రమించే చోటు చూస్తారు. రెండు మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 60 ఎత్తు ఉన్న పెట్టె తీసుకోండి: 200 ఇంటూ 80 ఇంటూ 60, దాన్ని 6,000తో భాగిస్తే 160. మీరు 160 కిలోలకు డబ్బు కడుతున్నారన్నమాట. కొరియర్ కంపెనీలు 5,000తో భాగిస్తాయి, అప్పుడు 192 కిలోలు. లక్ష రూపాయల బేస్‌కైనా పది లక్షల బేస్‌కైనా శంషాబాద్ దాకా ఈ ఖర్చు దాదాపు ఒకటే. చవక బేస్‌ని దిగుమతి చేసుకోవడం చవక కాకపోవడానికి కారణం ఇదే. ఓడలో అయితే సుమారు ఒక క్యూబిక్ మీటర్ చార్జీ, చాలా తక్కువ, కానీ వారాల తరబడి కంటైనర్ వేడి, తేమ, ఆ తర్వాత రేవు నుంచి సనత్‌నగర్ డిపో దాకా ఇంకో ప్రయాణం. ప్లైవుడ్ తట్టుకుంటుంది. కార్వ్డ్‌ని మాత్రం నేను ఓడలో వేయను.

కస్టమ్స్ సుంకం వాయిద్యం ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద లెక్కేస్తారు, ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ). అయితే చాలామందికి తెలియని నియమం ఒకటి ఉంది. 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్ ప్రకారం విమానంలో వచ్చిన సరుక్కి రవాణా ఖర్చు కింద, సరుకు విలువలో 20 శాతానికి మించి కలపకూడదు. రెండు లక్షల బేస్‌కి లక్షన్నర కార్గో అయినా సరే సుంకం లెక్కలో కలపాల్సింది నలభై వేలే. క్లియరింగ్ ఏజెంట్ ఇచ్చిన కాగితంలో ఈ వరుస ఎలా వేశారో తప్పకుండా చూసుకోండి.

కోటి రూపాయల బేస్‌ల సంగతికొస్తే అక్కడ ధరని నడిపేది శబ్దం ఒక్కటే కాదు, ఎవరు చేశారన్న నమ్మకం. బేస్ వాదకుడూ కండక్టరూ అయిన కూసెవిట్స్కీ వాయించి, తర్వాత బేస్ సోలోయిస్టు గ్యారీ కార్ చేతికొచ్చిన బేస్‌ని చాలాకాలం 1611లో ఇటలీ వాయిద్య మేస్త్రులు అమాటీ సోదరులు చేసిందనే అనుకున్నారు. పైపలక చెక్కలోని చెట్టు వలయాల్ని పరీక్షిస్తే ఆ చెక్క అంతకంటే చాలా తర్వాతి కాలందని తేలింది. ఆ బేస్ మీద దశాబ్దాల పాటు వచ్చిన సంగీతం అలాగే ఉంది, కానీ వేలంలో పెడితే పేరు పోయిన వాయిద్యానికి వేరే ధర పలుకుతుంది. పాత బేస్‌లలో ఇంకో తలనొప్పి, చాలావాటిని మూడు తీగల నుంచి నాలుగుకి మార్చారు, పెద్దవాటిని వాయించడానికి వీలుగా కోసి చిన్నవి చేశారు. ఏ ముక్క అసలుది, ఏది తర్వాత చేర్చింది అన్నదాన్ని బట్టే ధర. అయినా వయొలిన్‌తో పోలిస్తే బేస్ ఇంకా వాయించేవాళ్ల వస్తువే. 2011లో లేడీ బ్లంట్ అనే స్ట్రాడివారి వయొలిన్ దాదాపు కోటి 59 లక్షల డాలర్లకు పోయింది, బేస్‌లు ఆ దరిదాపుల్లో లేవు. బీరువాలో పెట్టి దాచుకునే వస్తువు కాదు కాబట్టి దాచుకునేవాళ్లు తక్కువ. నాకు అది సంతోషమే.

సైజు గురించి కంగారు పడొద్దు, త్రీ-క్వార్టర్ అని రాసిందే పెద్దవాళ్లు వాయించే మామూలు సైజు. పెట్టె లేని ఎలక్ట్రిక్ అప్‌రైట్‌లు మోయడానికి సులువే గానీ మంచివి చవకేం కాదు, గదిలో పలికే బేస్ కావాలనుకునేవాళ్ల కోరిక అవి తీర్చవు.

నా చేతిలో మూడు లక్షలుంటే ముంబైలోనో చెన్నైలోనో గోవాలోనో వాయించేవాళ్ల దగ్గర చేతులు మారే ప్లైవుడ్ బేస్ వెతుకుతాను. ముంబై నుంచి రోడ్డు మీద ఏడొందల కిలోమీటర్ల చిల్లర, ఇన్నోవా సీట్లు మడిచి, మెడ మొదలు దగ్గర దుప్పట్లు చుట్టి తెచ్చుకుంటే కార్గో, కస్టమ్స్ రెండూ తప్పుతాయి. మెడ మొదలు గురించి ఎందుకు చెబుతున్నానంటే బేస్ పడితే మొదట విరిగేది అక్కడే, పాత బేస్ కొనేటప్పుడు అక్కడ వార్నిష్ రంగు తేడాగా ఉందేమో వేలు పెట్టి చూడాలి. ఆరు లక్షలుంటే పేరున్న వర్క్‌షాప్ హైబ్రిడ్, సెటప్ చేసి పంపే షాపు నుంచి, రవాణాతో సహా. క్లాసికల్ కమాను వాయింపే జీవితం అనుకున్నవాళ్లు, తేమ అదుపులో ఉండే గది ఉన్నవాళ్లు, పది పన్నెండు లక్షలు కూడేదాకా ఆగి అప్పుడు కార్వ్డ్ తీసుకోండి. ఎవరైనా సరే, అడ్వాన్స్ పంపే ముందు అమ్మేవాళ్లని మూడు ఫోటోలు అడగండి: ఎఫ్ రంధ్రం అంచు దగ్గర నుంచి తీసింది, మెడ మొదలు, ఫింగర్‌బోర్డు చివర తీగల కింద స్కేలు పెట్టి తీసింది. మూడోది పంపడానికి వెనకాడితే ఆ బేస్‌కి సెటప్ ఖర్చు కూడా ధరలో కలిపి బేరం ఆడండి.